విజయోత్సవ విందులో లేని విస్తరి

2025 మే 5న, సెలవు రోజు కావడంతో, ఇంగ్లండ్‌లోని అనేక పల్లెలూ పట్టణాలూ వీధుల్లో విందు చేసుకున్నాయి. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు నిండిన సందర్భమది. ఇలాంటి వేడుక తీరు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఊరి వీధిలో వాహనాలు ఆపేస్తారు. ఇళ్లలోని బల్లలన్నీ బయటికి తెచ్చి ఒకదానికొకటి చేర్చి, పొడవునా గుడ్డలు పరుస్తారు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఎరుపు, తెలుపు, నీలం రంగుల తోరణాలు కడతారు. కొందరు 1940ల నాటి దుస్తులు వేసుకుంటారు. పాత పాటలు మోగుతుంటాయి. బల్లల మీద అమెరికా నుంచి డబ్బాల్లో వచ్చిన ‘స్పామ్’ మాంసం పెట్టిన రొట్టెలు, చక్కెర కొరతను కప్పిపుచ్చడానికి క్యారెట్ తురుముతో చేసిన కేకు, కూరగాయలతో వండిన ‘ఊల్టన్ పై’, పక్కన పెద్ద టీ కెటిళ్లు ఉంటాయి. ప్రధానమంత్రి నివాసం ఉన్న డౌనింగ్ వీధిలోనూ ఆ రోజు ఇలాగే బల్లలు వేసి, అప్పటి యుద్ధంలో పనిచేసిన వృద్ధులను కూర్చోబెట్టారు.

కరవు కాలపు తిండిని కలిగిన కాలంలో ఇష్టపడి వండుకుని తినడం వింతే. మన దేశంలో ఎవరైనా 1943 నాటి భోజనాన్ని పండుగగా వండుకోగలరా అన్న ప్రశ్న వెంటనే మనసులో మెదులుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకునే ముందు, ఆ విందు వాళ్లకు ఎందుకంత ప్రీతిపాత్రమో అర్థం చేసుకోవాలి. అందులో వెక్కిరించవలసినది తక్కువ, నేర్చుకోవలసినది ఎక్కువ.

వీధి విందు 1945లో పుట్టినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1919లో, పిల్లల కోసం వీధుల్లో ఏర్పాటు చేసిన ‘శాంతి తేనీటి విందులు’ దీనికి మూలం. తర్వాత రాజుగారి పట్టాభిషేకాలకూ రజతోత్సవాలకూ అదే ఆచారం కొనసాగింది. 1945 మే 8న మధ్యాహ్నం మూడు గంటలకు యుద్ధం ముగిసిందని చర్చిల్ రేడియోలో ప్రకటించాక, ప్రజలకు తెలిసిన సంబరం అదే కనుక వీధుల్లోకి బల్లలు తెచ్చారు. తోరణాలకు కావలసిన మూడు రంగుల గుడ్డను కూపన్లు లేకుండా కొనుక్కోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. బట్ట కూడా రేషన్‌లో ఉన్న రోజులవి. ఒక ఇల్లాలు దాచుకున్న చక్కెర, మరొకరు కూడబెట్టిన వెన్న, ఇంకొకరి అటకమీది పండ్ల డబ్బా కలిస్తే పిల్లలకు ఒక పూట విందు అయింది. ఏ ఇంటికీ ఒంటరిగా విందు చేసే శక్తి లేదు. వీధి మొత్తం కలిస్తేనే అది సాధ్యం. ఆనాటి విందు రుచి అంతా ఆ కలయికలోనే ఉంది.

అక్కడి రేషన్ వ్యవస్థ 1940 జనవరి 8న మొదలైంది. మొదట పంది మాంసం, వెన్న, చక్కెర. తర్వాత మిగతా మాంసం, టీ, జామ్, జున్ను, మిఠాయిలు. కాలాన్ని బట్టి కోటా పెరుగుతూ తగ్గుతూ ఉండేది కానీ, సాధారణంగా ఒక వయోజనుడికి వారానికి 2 ఔన్సుల వెన్న (సుమారు 57 గ్రాములు), 2 ఔన్సుల టీ, 8 ఔన్సుల చక్కెర (సుమారు 227 గ్రాములు), ఒక కోడిగుడ్డు దొరికేవి. గుడ్డు చాలనివారికి డబ్బాలో గుడ్డు పొడి ఉండేది. బంగాళదుంపలకూ రొట్టెకూ యుద్ధకాలమంతా రేషన్ పెట్టలేదు. కడుపు నింపినవి అవే. 1942 నుంచి తెల్ల రొట్టెకు బదులు పొట్టు తీయని పిండితో చేసిన ‘నేషనల్ లోఫ్’ వచ్చింది. దాని రంగును తిట్టుకోనివాడు లేడు, తినక తప్పినవాడూ లేడు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ పాలు, నారింజ రసం, చేప నూనె విడిగా అందేవి. వ్యాపార రంగం నుంచి వచ్చి ఆహార మంత్రి అయిన ఊల్టన్ ప్రభువు దీన్నంతటినీ నడిపాడు. ఆయన పేరు మోసిన ‘పై’ని లండన్‌లోని సవాయ్ హోటల్ ప్రధాన వంటవాడు రూపొందించాడు: బంగాళదుంప, క్యారెట్, క్యాలీఫ్లవర్, దుంపకూరలు, కాస్త ఓట్స్. మాంసం లేని వంటకానికి మంత్రి పేరు పెట్టడం ప్రజల వ్యంగ్యమూ, ప్రభుత్వ ప్రచారమూ రెండూ అయింది.

ఈ ఏర్పాటు వెనుక ఒక రాజకీయ నిజం ఉంది. యుద్ధానికి ముందు, 1936లో, జాన్ బాయిడ్ ఆర్ అనే శాస్త్రవేత్త తన పరిశీలనలో, బ్రిటన్ జనాభాలో సగం మందికి ఆరోగ్యానికి చాలినంత ఆహారం అందడం లేదని తేల్చాడు. ప్రపంచంలో నాలుగో వంతు భూభాగాన్ని ఏలుతున్న దేశపు పరిస్థితి అది. యుద్ధం వచ్చి సరుకు తగ్గాక, విచిత్రంగా పేదల భోజనం మెరుగుపడింది. శిశు మరణాలు తగ్గాయి. మొత్తం సరుకు తగ్గినా, పంచే పద్ధతి మారింది. రాజకుటుంబానికీ రేషన్ పుస్తకాలే ఇచ్చారు. ‘అందరికీ వాటా’ అన్న సూత్రం మాటల్లోనే కాక తూకంలోనూ కనిపించింది. నేటి పల్లె విందులో బామ్మలు మనవలకు చెప్పుకునే కథ ఇదే. అది ఊహించుకున్న కథ కాదు.

అయితే పండుగకు పనికిరాని ముక్కలను జ్ఞాపకం పక్కన పెట్టేస్తుంది. రేషన్ కాలంలో నల్లబజారు కూడా ఉండేది. హోటళ్లలో తినేవారి రేషన్ తగ్గేది కాదు కనుక, డబ్బున్నవారికి అదొక దారి. 1942లో ఒక భోజనానికి అయిదు షిల్లింగుల గరిష్ఠ ధర పెట్టి ప్రభుత్వం దాన్ని కొంత కట్టడి చేసింది. విజయోత్సవ విందు జరిగిన మే నెల చివరికే పంది మాంసం, వంట కొవ్వుల కోటాలు మళ్లీ కోశారు. యుద్ధంలో ఏనాడూ రేషన్ కాని రొట్టె, శాంతి వచ్చాక 1946 జులైలో రేషన్ అయి రెండేళ్లపాటు అలాగే ఉంది. మాంసం మీద ఆంక్షలు తొలగి రేషన్ పూర్తిగా ముగిసింది 1954 జులై 4న. ఈ వేడుకల్లో కప్పుల మీదా తువ్వాళ్ల మీదా కనిపించే ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ నినాదపు పోస్టరుదీ ఇలాంటి కథే. దాన్ని 1939లో లక్షల సంఖ్యలో అచ్చు వేశారు కానీ, యుద్ధంలో జనం దాదాపుగా చూడనే లేదు. 2000లో ఇంగ్లండ్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో ఒక ప్రతి బయటపడ్డాకే అది ‘యుద్ధకాలపు ధైర్యానికి’ గుర్తు అయింది.

మరుగున పడిన అసలు విషయం మరొకటి ఉంది. మే నెలలో చర్చిల్ పేరు చెప్పి గ్లాసులెత్తిన ఆ ప్రజలే జులైలో ఆయనను ఓడించారు. జులై 26న వెలువడిన ఫలితాల్లో లేబర్ పార్టీకి 393 స్థానాలు వచ్చాయి. యుద్ధంలో పంచుకోగలిగినప్పుడు శాంతిలో ఎందుకు పంచుకోలేమన్నది ఆ ఓటు అడిగిన ప్రశ్న. ప్రభుత్వ వైద్య సేవ ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి. వీధి విందును కేవలం దేశభక్తి పండుగగా జరుపుకునేవారు దాని సగం అర్థాన్నే జరుపుకుంటున్నారు.

ఇక ఆ బల్ల మీది టీ కెటిల్ దగ్గరికి వద్దాం. అందులోని ఆకు ఇంగ్లండ్‌లో పండదు. యుద్ధకాలంలో బ్రిటన్ ఆహార శాఖ ఇండియా, సిలోన్ తోటల నుంచి టీని టోకుగా కొని, తన ప్రజలకు తలా 2 ఔన్సుల చొప్పున పంచింది. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కినప్పుడు అస్సాం తోటల కూలీలనే శరణార్థుల దారులు వేయడానికీ, సైన్యపు రోడ్ల పనులకూ తరలించారు. ఇండియా నుంచి 25 లక్షల మంది ఆ యుద్ధంలో సైనికులుగా పనిచేశారు. 87 వేలకు పైగా మరణించారు. విజయోత్సవం జరిగిన రోజున నెహ్రూ, కాంగ్రెస్ కార్యవర్గ సభ్యులు ఇంకా జైళ్లలోనే ఉన్నారు. ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ లేకపోయినా, బల్ల మీది సరుకులో మన వాటా ఉంది.

అదే యుద్ధం, అదే మంత్రివర్గం. ఇక్కడి భోజనం మాత్రం వేరు. 1942 మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. జపాన్ సేనలు దిగితే వాడుకుంటాయన్న భయంతో బెంగాల్ తీరంలో మిగులు ధాన్యాన్ని తరలించారు. పదిమందికి పైగా పట్టే పడవలను స్వాధీనం చేసుకున్నారు, కొన్నింటిని ధ్వంసం చేశారు. పడవే బండి, పడవే బజారు అయిన ప్రాంతమది. అక్టోబరులో మిద్నాపూర్ తీరాన్ని తుఫాను ముంచింది. సైన్యపు కొనుగోళ్లు, విచ్చలవిడిగా అచ్చయిన నోట్లు, నిల్వదారుల ఆశ కలిసి బియ్యం ధరను కూలివాడి చేయి అందుకోలేని ఎత్తుకు తీసుకుపోయాయి. బెంగాల్ మంత్రులు కొరత లేదని ప్రకటనలిచ్చారు. మిగులు ఉన్న రాష్ట్రాలు తమ ధాన్యాన్ని వదలడానికి వెనుకాడాయి. క్షామ నిబంధనావళి ప్రకారం క్షామమని అధికారికంగా ప్రకటించనే లేదు. ధాన్యం కోసం ఓడలు కావాలని ఢిల్లీ నుంచి వెళ్లిన విన్నపాలకు లండన్ యుద్ధ మంత్రివర్గం అరకొరగానే స్పందించింది. కొంత ధాన్యం పంపింది. 1944లో చర్చిల్ అమెరికా అధ్యక్షుడిని ఓడలు అడిగాడు, ఆయన కాదన్నాడు. ఇవీ చరిత్రలో భాగమే. కానీ అప్పటికే లక్షల మంది పోయారు. 1945 నాటి విచారణ సంఘం మృతులు 15 లక్షలన్నది. తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా లెక్క వేశారు.

గ్రామాల నుంచి కలకత్తా వీధుల్లోకి వచ్చినవాళ్లు అన్నం అడగలేదు. ‘ఫ్యాన్’ అడిగారు. అన్నం వార్చిన గంజి అది. ఇళ్లవాళ్లకు అన్నం పెట్టే స్తోమత లేదని వారికి తెలుసు. పారబోసే నీళ్లయినా పోయమని అడిగారు. 1943 ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ పత్రిక ఆ వీధుల ఫొటోలు ప్రచురించాకే లోకం నమ్మింది. చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మిద్నాపూర్ గ్రామాలు తిరిగి వేసిన బొమ్మల పుస్తకాన్ని ప్రభుత్వం జప్తు చేసి తగలబెట్టింది. ‘ఊల్టన్ పై’ వంట విధానం భద్రంగా ఉంది. ఈ గంజికి వంట విధానం అక్కర్లేదు, దాన్ని పండుగగా కాచుకునేవారూ లేరు.

బెంగాల్ విషాదాన్ని సరుకు లేమిగా కొట్టివేయడం తేలిక. ఆ వాదన నిలవదని అమర్త్య సేన్ 1981లో తన గ్రంథంలో వాదించాడు. తిండి ఎంత ఉందన్నది కాదు, ఎవరి చేతికి అందుతుందన్నదే ఆయన అడిగిన ప్రశ్న. దానికి ఆయన లెక్కలతో పాటు మన దేశంలోనే మరో సాక్ష్యం ఉంది. బొంబాయి నగరం తనకు కావలసిన ధాన్యమంతా తానే పండించుకునే చోటు కాదు. అక్కడ 1943 మేలో రేషన్ మొదలైంది. ధాన్యం ప్రభుత్వమే సేకరించి కార్డు మీద పంచింది. బొంబాయి వీధులు శవాల వీధులు కాలేదు. కలకత్తాలో రేషన్ మొదలైంది 1944 జనవరి 31న, అంటే చావులు ఊళ్లకు ఊళ్లు ఊడ్చేశాక. అంతకుముందు కలకత్తాకు తిండి అందలేదని కాదు. యుద్ధ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీల కార్మికులకు యజమానుల ద్వారా చౌక బియ్యం అందింది. యుద్ధానికి అవసరమైన చేతికి ముద్ద దొరికింది. ఆ ముద్ద పండించిన పల్లెకు దొరకలేదు. బ్రిటిష్ వీధిలో ‘అందరికీ వాటా’ అన్న సూత్రం, సముద్రం దాటేసరికి ‘అవసరమైనవారికి వాటా’ అయింది.

ఆ యుద్ధం తెలుగు నేలనూ తాకింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకుని బతికిన మన ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాలవారు అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనక్కి వచ్చినవారిలో ఉన్నారు. అక్కడ వారిని ‘కోరంగీలు’ అనేవారు. తిరిగి వచ్చిన ఇంట్లో ఒక నోరు పెరిగింది, బర్మా నుంచి వచ్చే బియ్యం ఆగింది. కొన్ని తరాలపాటు తెలుగు ఇళ్లలో ‘కంట్రోలు’ అన్న మాట వినబడింది: కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ, కంట్రోలు కిరసనాయిలు. యుద్ధంలో పుట్టిన ఆ మాట యుద్ధం పోయినా పోలేదు.

ఆ మాట వెంట వచ్చిన వాదమూ పోలేదు. 1947లో గాంధీజీ కంట్రోళ్లు ఎత్తేయాలని పట్టుబట్టారు; అవి అవినీతికీ అలసత్వానికీ దారి తీస్తున్నాయన్నది ఆయన వాదన. ఆ ఏడాది డిసెంబరులో ఎత్తేశారు, ధరలు పెరగడంతో 1948లో మళ్లీ పెట్టారు. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ రేషన్ రద్దు చేసి జనం మెప్పు పొందారు. మూడు దశాబ్దాల తర్వాత 1983లో ఎన్.టి. రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చి జనం మెప్పు పొందారు. ఈ రెండు మెప్పుల మధ్య వైరుధ్యం లేదు. కంట్రోలు అంటే జనానికి రోత పుట్టినది వరుసలూ తరుగు తూకాలూ చూసి; వాటా మీద వారికి ఏనాడూ రోత లేదు. 2013 ఆహార భద్రతా చట్టం ఆ వాటాను హక్కుగా మార్చింది. ఇవాళ దాదాపు 80 కోట్ల మందికి నెలకు మనిషికి అయిదు కిలోల ధాన్యం ఉచితంగా అందుతోంది.

దీన్ని తాయిలం అని ఈసడించేవారు మన చర్చావేదికల మీద చాలామంది ఉన్నారు. దాన్ని తన దయగా చూపించుకుని సంచి మీద బొమ్మ వేయించుకునే నాయకులూ ఉన్నారు. ఇద్దరూ చరిత్ర మరిచినవారే. ఎవరి దయ వల్లనో పుట్టిన ఏర్పాటు కాదిది. పంచకపోతే ఏమవుతుందో ఒక రాష్ట్రం చూపించాక, 30 లక్షల ప్రాణాల మీదుగా వచ్చిన ఏర్పాటు. బ్రిటన్ పల్లెల్లో రేషన్ పుస్తకాన్ని గాజు అద్దాల వెనుక పెట్టి పిల్లలకు గర్వంగా చూపిస్తారు. మనం రేషన్ కార్డును పేదరికపు ముద్రగా, ఓటు బేరంగా మాత్రమే చూస్తున్నాం.

2025లో ఆ వీధి విందులు జరిగిన వారంలోనే మన ఉపఖండం యుద్ధం అంచుకు వెళ్లింది. మే 7న దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి; సైరన్లు మోగాయి, దీపాలు ఆర్పించారు. అక్కడ పిల్లలు ఆటగా చూస్తున్న చీకటి వేళలను ఇక్కడ పిల్లలు అభ్యాసంగా చూశారు. టీవీ స్టూడియోల్లో యుద్ధం అప్పటికే విజయోత్సవమైపోయింది. అదే వారం, ఆహార ధాన్యాలకు కొరత లేదు, వదంతులు నమ్మవద్దు, అక్రమంగా నిల్వ చేస్తే చర్యలు తప్పవు అని కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. నాలుగు రోజుల ఘర్షణకే జనం బియ్యం సంచి గురించి ఆలోచించారు. స్టూడియోలకు గుర్తు లేనిది ఇళ్లకు గుర్తుంది.

అందుకే ఇంగ్లండ్ పల్లె విందు మీద నాకు అసూయే కానీ కోపం లేదు. ఇరుగుపొరుగులు కలిసి, యుద్ధాన్ని ఫిరంగులతో కాక పంచుకున్న రొట్టెతో గుర్తు చేసుకుంటున్నారు. దేశాలు యుద్ధాన్ని గుర్తుంచుకునే పద్ధతుల్లో అంతకంటే మర్యాదైనది తక్కువ. ఆ బల్ల చివర ఒక విస్తరి ఖాళీగా వేసి, ఈ టీ ఎక్కడి నుంచి వచ్చింది, ఆ ఏడాది అక్కడివారు ఏం తిన్నారు అని పిల్లలకు ఒక్క మాట చెప్పగలిగితే వేడుక నిండుతుంది.

ఆ పని చేయమని వారిని అడిగే ముందు మన పని ఒకటి మిగిలి ఉంది. బెంగాల్ క్షామానికి మన పంచాంగంలో ఒక స్మృతి దినం లేదు. ఉంటే, నా దృష్టిలో అది 1944 జనవరి 31 కావాలి. అది విజయం కాదు. ఆలస్యంగా వచ్చిన రోజు, ఆ తర్వాత కూడా మలేరియా, మశూచి, కలరాలతో వేలకు వేలు చనిపోయారు. కానీ పౌరుడి ముద్దకు పాలకుడు జవాబుదారీ అని ఆ నగరంలో ఒక కార్డు మీద రాసి ఇచ్చిన రోజు అది. ఆ రోజున ఏ ఊళ్లోనైనా చౌకధరల దుకాణం ముందు నాలుగు బల్లలు వేసి, తూకం సరిగా ఉందో లేదో అందరూ కలిసి చూసుకుంటే చాలు. అంతకు మించిన ఉత్సవం దానికి అక్కర్లేదు.